పీర్ భాయ్ టైర్లలో గాలి

పీర్ మహమ్మద్ భాయ్‌కి టైర్ల మీద నమ్మకం లేదు. ఎవరి టైర్ల మీదో కాదు, సొంత టైర్ల మీదే. రాణిగంజ్‌లో టైర్ల దుకాణం నడిపే మనిషికి ఈ జబ్బేమిటని మా సికింద్రాబాద్ జీపుల క్లబ్బులో అందరికీ ఆశ్చర్యం.

ఆదివారం పొద్దున్నే మా జీపులు బొల్లారం దాటి ఒక ఆసామి బీడులోకి దిగుతాయి. రాళ్ళు, గుట్టలు, తుప్పలు. రోడ్డు లేని చోట బండి నడపడమే మా సరదా. దారి తెలిసినవాడని పీర్ భాయ్ జీపును ముందుంచేవాళ్ళం. అదే మేం చేసిన పొరపాటు అనుకునేవాళ్ళం. బండ్లు ఊపందుకునేలోపే ఆయన చెయ్యి బయటికి వచ్చేది.

"ఆగుర్రి! హవా కమ్మయింది!"

దిగి, ముందు చక్రం పక్కన గొంతుక్కూచుని, పిల్లాడికి జ్వరం చూసినట్టు టైరును తడిమి చూసేవాడు. తర్వాత జీపెక్కి, ఆ చోటుకు దూరంగా చుట్టు తిరిగి పోయేవాడు.

"హవా తగ్గితే కొట్టాలె గానీ, గీ చుట్టు తిరుగుడేంది భాయ్?" అని ఉదయ్ భాస్కర్ వెనక నుంచి అరిచేవాడు. మా అందరిలోకీ తొందర మనిషి అతను.

"రాళ్ళ మీద పోతే పేల్తది బేటా. నా ఎన్కనే రా. జెర పక్కకు సుత పోకు."

కొత్త టైర్లు వేసుకొచ్చిన రోజైతే మరీ ఎక్కువసార్లు ఆగాడు. "సొంత మాలే గిట్లుంటే మనకేం అమ్ముతడు?" అని ఉదయ్ భాస్కర్ వేరే దుకాణంలో టైర్లు కొన్నాడు. అతన్ని చూసి మిగతావాళ్ళూ అటే పోయారు. క్లబ్బు కార్యదర్శిని కాబట్టి నేను మాత్రం మర్యాద కోసం ఆయన దగ్గర ఒక స్టెప్నీ కొన్నాను. దాంట్లో ఇప్పటివరకూ గాలి దిగలేదు.

ఈ వేసవిలో ఆసామి ఒక మెలిక పెట్టాడు. బీడులో నేల మీద గుడ్లు పెట్టే పక్షులున్నాయట. పక్షుల సంస్థ వాళ్ళు వచ్చి చూస్తారు. జీపుల కింద గూళ్ళు నలుగుతున్నాయని తేలిందా, గేటుకు తాళం. క్లబ్బుకు వేరే చోటు లేదు.

సంస్థ పంపిన అమ్మాయి పేరు సింధూర. మెడలో బైనాక్యులర్స్. మా జీపుల జాడ వెంట ఆమెతో పాటు ముద్దాయిలా నడిచాను.

ఒకచోట ఆగి, "సార్, ఇక్కడ మీ ట్రాక్ ఎందుకు వంకర తిరిగింది?" అంది.

"ఇక్కడ మా పీర్ భాయ్ టైరులో హవా తగ్గిందమ్మా."

ఆమె బైనాక్యులర్స్‌తో చూసి ముందుకు నడిచింది. మళ్ళీ వంకర.

"ఇక్కడ?"

"ఇక్కడా తగ్గింది."

"ఆ ముందు ఇంకా పెద్ద వంకరుంది?"

"అక్కడ రెండు టైర్లలోనూ తగ్గింది."

ఆమె ఇక నవ్వు ఆపుకోలేక బైనాక్యులర్స్ నా చేతికిచ్చింది. "అక్కడ రెండు గూళ్ళున్నాయి సార్."

చూశాను. గులకరాళ్ళ మధ్య, గులకరాళ్ళలాగే ఉన్న గుడ్ల మీద తీతువు పిట్టలు. జాడ వంకర తిరిగిన ప్రతిచోటా ఒక తల్లి కూర్చుని ఉంది. ఒక్క గూడూ నలగలేదు.

"క్లోజ్ చెయ్యమని రాయను సార్," అంది సింధూర. "మీ క్లబ్‌తో కలిసి పని చేస్తామని రాస్తా. ప్రతి సండే మీరు గూళ్ళు చూసి మాకు చెప్పాలి. ముందు జీపులో నాకు సీటు కావాలి."

గేటు దగ్గర కాచుకుని ఉన్న పీర్ భాయ్‌ని పట్టుకున్నాను. "పిట్టలున్నాయని మాకు చెప్తే ఏం పోయేది భాయ్? ఉన్న గిరాకీ పోగొట్టుకున్నారు కదా!"

"పిట్ట అంటే మీరంత ఫోన్లు పట్కొని ఉరుకుతరు. తల్లి బెదిరి లేస్తే గుడ్లు ఎండకు ఉడుకుతయి. టైరు అంటే ఒక్కడు సుత దిగడు, జాకీ పట్టమంటనని!"

మా ఆదివారాలను నిలబెట్టిన మనిషిని చూస్తుంటే గుండె నిండిపోయింది. "మీ మేలు మరచిపోలేం భాయ్," అన్నాను.

"నాకెందుకు సాబ్? మీ లొల్లికి సుత ఆ తల్లి పిట్ట గుడ్లిడ్సి పోలే. షుక్రియా దానికి చెప్పుర్రి."

నిజంగానే నాలుగడుగులు బీడులోకి వేసి చేతులు జోడించాను. కాపలా ఉన్న మగ తీతువు లేచి, నా నెత్తి చుట్టూ తిరుగుతూ తిట్ల వర్షం కురిపించింది.

"జెర దూరంకెల్లి చెప్పాలె సాబ్," అని పీర్ భాయ్ నా చొక్కా పట్టి వెనక్కి లాగాడు.