మా బావది బాదుడు కాదు

మొన్న మేనత్త సంవత్సరీకానికి చిలకలూరిపేట వెళ్లాను. భోజనాలయ్యాక పిల్లలందరూ వరండాలో చేరి, ఫోన్లలో ఏవో తన్నుకునే ఆటలు ఆడుతూ వాదించుకుంటున్నారు. కన్ను మూసి తెరిచేలోగా అయిపోయే ఆ ఆటల్లో గెలిచేవాడు నిజంగా ఆట వచ్చి గెలుస్తున్నాడా, లేక దొరికిన చోటల్లా వేళ్లతో పొడిచేస్తే గెలుపు దానంతటదే వస్తుందా అన్నది వాళ్ల తగవు. డిగ్రీ చదువుతున్న మా బావ కూతురు, ఆట రాకుండా ఎవడూ గెలవడని గట్టిగా పట్టు పట్టింది. మా బావ, అంటే ఆ మేనత్త కొడుకు, స్తంభానికి ఆనుకుని కూర్చుని అంతా విని నవ్వాడు.

"మనింట్లో ఆట ఎక్కడిదమ్మా? మనది ఉత్త బాదుడు. కావాలంటే మీ మావయ్యనడుగు, పేటంతా ఎరుగుదురు" అన్నాడు.

ఆ పిల్ల నావైపు తిరిగి "నిజమా మావయ్యా?" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. ఇరవయ్యేళ్లకు పైగా ఆ ప్రశ్నకు నేను చెబుతూ వచ్చిన జవాబు ఆ నవ్వే. అది అబద్ధం. ఆ అబద్ధం పుట్టించింది నేనే కనుక, దాన్ని సరిచేయవలసిందీ నేనే.

నా ఈడువాళ్లకు వీడియో గేమ్‌ల కొట్లు గుర్తుండే ఉంటాయి. పేటలో బస్టాండు వెనక సందులో మా చిన్నాన్నకు అలాంటి కొట్టు ఒకటి ఉండేది. వెలుతురు రాకుండా కిటికీలకు నీలం పరదాలు, గోడవారగా టీవీలు, ముందు చెక్క బల్లలు, తిరిగీ తిరగని ఫ్యాను, చెమట వాసన, బయటినుంచి మిరపకాయ బజ్జీల వాసన. ఆ బజ్జీలు తిని నూనె చేతులతో ఆట రిమోట్లు ముట్టుకుంటారని మా చిన్నాన్నకు ఎంత మంటంటే, లోపలికి వచ్చే ప్రతివాడి వేళ్లూ తిప్పి చూసేవాడు. నూనె చేతులతో రిమోట్ పట్టుకున్నవాణ్ణి, ఎంత తెలిసినవాడైనా సరే, చెవి పట్టుకుని బయటికి పంపేవాడు. ఇంటర్ తప్పి ఖాళీగా ఉన్న నన్ను తీసుకొచ్చి కౌంటర్లో కూర్చోబెట్టాడు.

అక్కడ అందరూ ఎగబడి ఆడేది ఒకటే ఆట. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి గుద్దుకుంటారు, తన్నుకుంటారు, ఒకడు పడిపోతాడు, అంతే. ఏ మీట తరవాత ఏ మీట నొక్కితే ఏ దెబ్బ పడుతుందో నేను ఎక్కాలు కంఠతా పట్టినట్టు పట్టాను. కొట్లో నన్ను కొట్టినవాడు లేడు. అది మా చిన్నాన్న వ్యాపారానికి మంచిదే. కౌంటర్లో కూర్చున్నవాణ్ణి ఓడించాలన్న పంతంతో కుర్రాళ్లు మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు.

అప్పుడు వచ్చాడు మా బావ. మేనత్తావాళ్లు ఆ యేడు పత్తి పోగొట్టుకుని పొలం కౌలుకు వదిలేశారు. బావ హైవే మీద పత్తి గింజ తీసే జిన్నింగ్ మిల్లులో చేరాడు. పగలంతా పత్తి నూగు పీల్చి, జుట్టులోను, కనుబొమ్మల్లోను తెల్లటి దూదితో, దగ్గుకుంటూ సాయంత్రానికి కొట్టుకు వచ్చేవాడు. మొదట కొన్నాళ్లు ఊరికే చూశాడు. తరవాత ఒకరోజు నా పక్కన కూర్చుని రిమోట్ అందుకుని, నన్ను ఓడించాడు. మర్నాడూ ఓడించాడు.

చూసేవాళ్లకు అది ఆటలా కనిపించేది కాదు. కుడిచేతి వేళ్లు ఆగకుండా మీటల మీద టపటపా కొడుతూనే ఉండేవి. నేను ఓడిపోయిన కోపంలో, "ఇది ఆటంటార్రా ఎవరైనా? వీడు పిండి దంచుతున్నాడు!" అన్నాను. కొట్టంతా పగలబడి నవ్వింది. ఎవరో "ఒరేయ్, మిల్లులో దూది ఏకి ఏకి చేతులు ఆగట్లేదురా పాపం" అన్నారు. ఇంకొకడు "బాదుడు బావ" అన్నాడు. ఆ పేరు అలాగే ఉండిపోయింది. మనవైపు బావా బావమరుదుల మధ్య ఎంత మాటైనా సరసం కిందే చెల్లిపోతుంది. పెళ్లిళ్లలో నలుగురి ముందు ముఖానికి మసి పూసినా కోపం తెచ్చుకోకూడదు, తెచ్చుకుంటే వాడే చులకనైపోతాడు. ఆ చుట్టరికం చాటున నేను ఎంత విషం కక్కానో ఎవరికీ పట్టలేదు. బావ కూడా నవ్వేవాడు. "బాదుడైతే బాదుడేరా, పడింది నువ్వే కదా" అనేవాడు.

అసలు సంగతి నాకు తొందరలోనే తెలిసిపోయింది. ఒకరోజు మేం ఆడే టీవీకి స్పీకరు పోయి బొమ్మ మాత్రమే వచ్చింది. ఆ రోజు బావ చిత్తుగా ఓడిపోయాడు. మర్నాడు స్పీకరు బాగు చేయించాక మళ్లీ గెలిచాడు. నాకు అనుమానం వచ్చి, ఆట మధ్యలో ఏదో సర్దుతున్నట్టు లేచి ధ్వని తగ్గించాను. బావ తడబడ్డాడు. పెంచాను, తేరుకున్నాడు. అప్పుడు అర్థమైంది. ఆ ఆటలో ఎవడైనా కాలు లేపేముందు చిన్నగా ఒక మూలుగు వినిపిస్తుంది. మేమెవ్వరం దాన్ని పట్టించుకోలేదు. తనకే తెలియకుండా బావ చెవులు దానికోసమే కాచుకుని ఉండేవి. ఆ టపటపలు ఉత్తివి, నడకలో చేతులు ఊపుతాం చూడండి, అలాంటివి. అసలు దెబ్బ మాత్రం ఎదుటివాడి మూలుగుకు, తన్నుకు మధ్య ఉన్న ఆ ఒక్క సందులో పడేది. ఒట్టి బాదుడుగాడికి చెవులతో పనేముంది? మీటలు బాదితే కొత్తవాడి మీద గెలవొచ్చు. కాచుకోవడం తెలిసినవాడి మీద, అదీ రోజూ, గెలవడం కుదరదు. నాది కంఠస్థం, అతనిది ఆట. ఈ సంగతి ప్రపంచంలో నా ఒక్కడికే తెలుసు, ఎందుకంటే మోకాలికి మోకాలు తగిలేలా అతని పక్కన కూర్చుని ఆ వేళ్లను చూసింది నేనే. తెలిశాక నా నోరు ఇంకా పెద్దదైంది. ఎవరు కొత్తగా కొట్లోకి వచ్చినా, "అదుగో, మా బాదుడు బావ, ఏం చేస్తున్నాడో వాడికే తెలీదు" అని పరిచయం చేసేవాణ్ణి.

ఇంతలో మా చిన్నాన్న సత్తెనపల్లిలో రెండో కొట్టు పెట్టాలనుకున్నాడు. దాన్ని చూసుకోవడానికి సొంత మనిషి కావాలి. అన్న కొడుకును నేను, అక్క కొడుకు బావ. మేనత్త వచ్చి, మిల్లు దుమ్ముకి పిల్లాడి ఊపిరితిత్తులు పాడైపోతున్నాయని, ఎలాగైనా అక్కడినుంచి బయటపడేయమని తమ్ముణ్ణి బతిమాలుకుంది. చిన్నాన్న ఎటూ చెప్పలేక, "కౌంటర్లో కూర్చున్నవాడు ఓడిపోతే కుర్రాళ్లు రెండోరోజు రారక్కా. ఆదివారం ఇద్దర్నీ ఆడిద్దాం. గెలిచినవాడు సత్తెనపల్లి వెళతాడు" అన్నాడు. బావకు మిల్లునుంచి విడుదల అదే. నేను గెలవకపోయినా పేట కొట్లో నా కుర్చీ నాకు ఉంటుంది. అయినా నేను ఓర్చుకోలేకపోయాను.

ఆ ఆదివారం తెల్లవారేసరికి మబ్బు పట్టింది. మాకు మిరప కళ్లం నిండా కాయ ఆరబోసి ఉంది. మన ప్రాంతంవాళ్లకు చెప్పనక్కర్లేదు, కళ్లంలో కాయ ఉండగా మబ్బేస్తే వాన పడకముందే కుప్పచేసి పట్టాలు కప్పాలి, తడిస్తే ఆ యేటి కష్టం రంగుపోయిన తాలుకాయల పాలే. అలాంటప్పుడు ఎవరు పిలిచినా ఎవరైనా వెళతారు, తగాదాల్లో ఉన్నవాళ్లు కూడా. రానన్న మాట ఎవరి నోటా రాదు. మా అమ్మ, ఎవర్నైనా కేకేసుకురారా అంది. పక్క కళ్లంవాళ్లు ఉన్నారు, నేనున్నాను. నేను సైకిలేసుకుని తిన్నగా బావ దగ్గరికి వెళ్లి, "మీ అత్త రమ్మందిరా, కాయ తడిసేట్టుంది. నేను కొట్టు తెరవాలి" అన్నాను. అతను తువ్వాలు తలకు చుట్టుకుని నాకన్నా ముందు బయల్దేరాడు.

మా వైపు కాయ ముట్టుకునేముందు మంటెక్కకుండా చేతులకు నూనె రాసుకుంటారు. అలవాటు లేని చేతులైతే మరీ. బావ చేతులు పత్తి చేతులు. పైగా మిల్లులో బేళ్లకు బిగించే ఇనప పట్టీలు కోసుకుని వేళ్లనిండా గాట్లు. మా అమ్మ నూనె గిన్నె తెచ్చి ఇచ్చిందట. "వద్దత్తా, సాయంత్రం ఆట ఉంది, రిమోట్ జారుద్ది, మావయ్య కూడా ఒప్పుకోడు" అన్నాడట. అలా అంటాడని నాకు తెలుసు. నేను లెక్క కట్టుకున్నదే అది.

వాన పడలేదు, మబ్బు తేలిపోయి ఎండ కాసింది. కుప్పచేసిన కాయ మళ్లీ ఆరబోసి, పగిలిన కాయలు ఏరి, మధ్యాహ్నం దాటాక బావ కొట్టుకు వచ్చాడు. చేతులు రెండూ దూరంగా పట్టుకుని, ఎవరివో మోసుకొస్తున్నట్టు వచ్చాడు. కాస్త నీళ్లు పోయరా అన్నాడు. వెన్నో మజ్జిగో పూస్తే మంట తగ్గుతుందని, వేడినీళ్లు తగిలితే రెట్టింపవుతుందని మిరప రైతు ఇంట పుట్టిన నాకు తెలియదా? మేడమీద ఎండకు కాగిన ట్యాంకులోంచి చెంబుతో తెచ్చి నేనే పోశాను. అతని పెదవులు బిగుసుకోవడం చూస్తూ ఇంకో చెంబు కూడా పోశాను.

"ఒరేయ్, వేళ్లు మండిపోతున్నాయిరా, రేపాడదాం" అన్నాడు నాకు మాత్రమే వినిపించేలా.

నేను వెనక్కి తిరిగి కొట్టంతా వినేలా అరిచాను. "విన్నార్రా? బావకి వేళ్లు మండుతున్నాయంట! బాదీ బాదీ!"

ఇక అతను కూర్చోక తప్పలేదు. ఆట మొదలైన కాసేపటికే చెమట తుడుచుకోబోయి కంట్లో చెయ్యి పెట్టుకున్నాడు. కళ్లు ఎర్రబడి ధారగా నీళ్లు. వేళ్లు మీటకు తగలగానే ఎగిరిపడుతున్నాయి. నేను వెంటనే ముగించి ఉండొచ్చు. ముగించలేదు. అతని బొమ్మను మూలకు నెట్టి, ఒక తన్ను తన్ని ఆగి, నా బొమ్మను కూర్చోబెట్టి, లేపి, అందరూ కేరింతలు కొట్టాక మళ్లీ తన్నాను. "బావ ఏడుస్తున్నాడ్రోయ్!" అని ఎవరో అరిచారు. "బాదరా బాదుడూ, ఇప్పుడు బాదు!" అని ఇంకెవరో. చిన్నాన్న లేచి అతని భుజం తట్టి, "చూశావుగా అల్లుడూ, బాదుడు ఒకనాటికి పనిచేస్తుంది, అన్నిరోజులూ చెయ్యదు" అన్నాడు. ఆ మాట బావ నమ్మేశాడు. నాకు కనిపించింది, నా కళ్లముందే నమ్మాడు. కళ్లం పిలుపును అనుమానించే మనిషి మన ప్రాంతంలో ఉండడు కనుక, తన చేతకానితనాన్నే అనుమానించుకున్నాడు. ఆ తరవాత రిమోట్ ముట్టుకోలేదు.

నేను సత్తెనపల్లి వెళ్లాను. కొన్నేళ్లు బాగానే నడిచింది, తరవాత ఇంటర్నెట్ సెంటర్లు, ఆ తరవాత ఫోన్లు వచ్చి కొట్టు మూతపడింది. అంత చేసి నేను గెలుచుకున్నది అదీ. బావ మిల్లులోనే ఉండిపోయాడు. ఇప్పుడు పత్తి సీజను వచ్చిందంటే పడుకుని నిద్రపోలేడు, గోడకు దిండు పెట్టుకుని కూర్చునే తెల్లారుస్తాడు.

సంవత్సరీకం మర్నాడు పొద్దున్నే నన్ను బస్సెక్కించడానికి హైవే దాకా వచ్చాడు. మిల్లుల ముందు పత్తి లారీలు బారులు తీరి ఉన్నాయి. అక్కడ నిలబడి మొత్తం చెప్పాను. స్పీకరు సంగతి, మబ్బు సంగతి, నూనె సంగతి, చెంబు సంగతి. నీది బాదుడు కాదు, మా అందరిలో ఆట వచ్చినవాడివి నువ్వొక్కడివే అన్నాను. చెబుతుంటే నాకు తేలికపడింది, ఆ మాట కూడా దాచను. అతను తల వంచుకుని విన్నాడు. కాసేపు దగ్గాడు. తరవాత అడిగింది ఒకటే.

"అత్తకి తెలుసా?"

మా అమ్మకు తెలియదన్నాను.

"చెప్పకు. పెద్దావిడ, తట్టుకోలేదు" అన్నాడు. ఆ పైన, "ఇన్నాళ్లూ నాకు ఆట రాదు, అందుకే సత్తెనపల్లి రాలేదు అనుకున్నానురా. హాయిగానే ఉన్నాను. ఇప్పుడొచ్చి నాకు వచ్చని చెబుతున్నావు. దీన్ని నేనేం చేసుకోవాలి?" అన్నాడు.

గుంటూరు బస్సు వచ్చింది. ఎక్కు, సీటు దొరకదు అన్నాడు. ఎక్కాను.

ఇప్పటి పిల్లలు ఎక్కడో ఉన్నవాడితో, పేరూ ముఖమూ తెలియనివాడితో ఆడుతున్నారు. ఓడిపోయి వాడిది బాదుడన్నా వాళ్ల తప్పేమీ లేదు, వాడి వేళ్లు వాళ్లకు కనిపించవు, వాడు ఏం పోగొట్టుకున్నాడో ఎన్నటికీ తెలియదు. మా రోజుల్లో ఒకే బల్లమీద ఇరుక్కుని కూర్చునేవాళ్లం, పక్కవాడి ఊపిరి కూడా తెలిసేది. ఆ దగ్గరితనం పోయిందని నా ఈడువాళ్లు బాధపడుతుంటే నేనూ తల ఊపుతాను. కాని అంత దగ్గరగా కూర్చోబట్టే కదా, ఎక్కడ కొడితే ఆ మనిషి ఇక లేవడో నాకు తెలిసింది.