మేత డబ్బా చప్పుడు

మా అక్క కుందేళ్ళను సాకుతుంది. ఇంట్లో కాదు, మందులు పరీక్షించే లాబ్‌లో. పదహారేళ్ళుగా బోనులు కడగడం, నీళ్ళు మార్చడం, మేత వేయడం ఆమె పని. సూదులు పొడిచేది డాక్టర్లు. "హంతకురాలు" అని గోడల మీద పోస్టర్లు వేసింది మాత్రం మా అక్క ఫొటోతో. డాక్టర్లు కార్ల అద్దాలు ఎత్తుకుని పోతారు, నడిచివెళ్ళేది ఈమే కదా! మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా?

అక్కకో అలవాటుండేది. మేత వేసేముందు రేకు డబ్బాను గరిటెతో మూడుసార్లు కొట్టేది. ఉన్నట్టుండి చెయ్యి పెడితే కుందేళ్ళు బెదిరి నడుం విరగ్గొట్టుకుంటాయట. చప్పుడు వింటే తమంతట తామే ముందుకు వస్తాయట.

ఆ మధ్యాహ్నం లాబ్ గేటు ముందు జంతుహక్కుల వాళ్ళు అరవైమంది దాకా చేరారు. ఎదురుగా ఉన్న నా టీకొట్టులో పాలు పొంగిపోతున్నా నేను చూసుకోలేదు. అక్కడ ఒకటే కేకలు, ఈలలు. ఆ గోలలో నలుగురు వెనకగోడ దూకి బోనులు తెరిచేశారు. ఇరవై నాలుగు తెల్లటి కుందేళ్ళను బుట్టల్లో వేసుకొచ్చి రోడ్డు మీదికి వదిలారు. "స్వేచ్ఛ! స్వేచ్ఛ!" అంటూ చప్పట్లు.

వాటికి రోడ్డంటే తెలిస్తే కదా! పుట్టిందీ పెరిగిందీ బోనులోనే. ఎటు పోవాలో తెలియక నడిరోడ్డు మీద బిక్కచచ్చిపోయాయి. లారీ బ్రేకు కీచుమంది. ఒకటి చక్రం కింద పడింది. చప్పట్లు ఆగిపోయాయి. మలుపులో పడుకున్న వీధికుక్కలు లేచి నిలబడ్డాయి.

అక్క డబ్బా పట్టుకుని గేటులోంచి పరుగున వచ్చింది.

"వెళ్ళకే, కొడతారే!" అని కొట్టు వదిలి ఎదురెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"ఇంకా ఇరవై మూడున్నాయే. వదులు!"

ఎవడో నీళ్ళసీసా విసిరాడు. అక్క నుదురు చిట్లింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె రక్తం తుడుచుకోనైనా లేదు. రోడ్డు మధ్యన కూర్చుని డబ్బా కొట్టింది, మూడుసార్లు.

ముందు ఒకదాని చెవులు లేచాయి. తర్వాత ఒక్కొక్కటే గెంతుతూ వచ్చి ఆమె చుట్టూ చేరాయి. పోస్టరు పట్టుకొచ్చిన ఓ పిల్ల ఒకదాన్ని గుండెకు హత్తుకుని ఉంది. అదీ గింజుకుని దూకేసింది.

"మళ్ళీ లోపలికే తీసుకెళ్తారా, ఆంటీ?" అంది ఆ పిల్ల.

"బయట కుక్కలున్నాయమ్మా."

"మరి లోపల?"

అక్క ఒకదాన్ని ఒళ్ళోకి తీసుకుంది. నేను ఊరుకుంటానా! "చక్రం కింద పడ్డదాన్ని అడుగు, చెబుతుంది!" అని దులిపేశాను. ఆ పిల్ల తల దించుకుంది. ఇరవై మూడూ దక్కాయి.

నెల తిరిగింది. బోనులకు కొత్త తాళాలు పడ్డాయి. అక్క మరిచిపోయిన క్యారేజీ ఇవ్వడానికి ఓ రోజు లాబ్‌లోకి వెళ్ళాను. మేత వేస్తోంది గానీ చప్పుడు లేదు. గిన్నెలు నెమ్మదిగా లోపలికి జరిపి, పక్కకు తప్పుకుని, అవి కదిలేదాకా నిలబడుతోంది. డబ్బా ఓ మూల బోర్లించి ఉంది.

"డబ్బా కొట్టవేమే?"

"పిలిస్తే వచ్చేస్తున్నాయే," అంది అక్క, నా వైపు చూడకుండా. "ఎందుకు పిలుస్తున్నానో కూడా చూసుకోకుండా వచ్చేస్తున్నాయి."