అల్సీరాలో మడతపడిన కత్తి

మా మామయ్య ఒనోరియో తేబార్ నడుముకి ఎప్పుడూ నలభై రెండు కత్తులు ఉండేవి. వెడల్పాటి తోలు పట్టీ, దాని మీద వరసగా కుట్టిన అరలు, అరకొక మడత కత్తి. చిన్నవి ముందుకి, పెద్దవి పక్కలకి. మాద్రిద్ నుంచి సముద్రం వైపు పోయే బండి ఏదైనా మా అల్బసేతేలో ఇంజనుకి నీళ్ళు పట్టడానికి ఆగాల్సిందే. ఆ పన్నెండు నిమిషాల్లో ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకి, మళ్ళీ ఆ చివర నుంచి ఈ చివరకి, కిటికీ కిటికీకీ తిరిగి అమ్మాలి. ఆ పని చేసేవాళ్ళు స్టేషన్లో తొమ్మిదిమంది ఉండేవారు. అందరిలోకీ పొడుగు మా మామయ్యే. కిటికీలోంచి ఎవరూ వంగి చూడక్కర్లేదు, ఆయన నడుమే కిటికీ దగ్గరకి వచ్చేది.

నేను ఆయన చెల్లెలి కూతుర్ని. స్టేషన్ క్యాంటీన్లో కాఫీ పోసేదాన్ని. అందుకని ఆయన్ని రోజంతా చూస్తూనే ఉండేదాన్ని. ఆయన కూర్చోగా చూసిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. రెండు బండ్ల మధ్య తీరిక దొరికినా నిలబడే ఉండేవాడు. అరలోంచి ఏదో ఒక కత్తి తీసి తెరిచేవాడు, మూసేవాడు. మా ఊరి కత్తికి మడత దగ్గర పళ్ళుంటాయి. తెరిచేటప్పుడు ఒక్కో పన్ను దాటుతూ కటక్ కటక్ మంటుంది. పూర్తిగా తెరుచుకున్నాక వీపున ఉన్న స్ప్రింగు పట్టేస్తుంది. రింగు పట్టుకుని లాగితే తప్ప మళ్ళీ మడతపడదు. ఆ చప్పుడు వినే మంచి కత్తేదో నాసి కత్తేదో చెప్పేస్తానని ఆయన గొప్ప. కొనేవాడి చేతనే తెరిపించి, వాడితో కలిసి ఒకటీ రెండూ అని లెక్కపెట్టేవాడు. ఏడు వరకూ లెక్కపెట్టినవాడు కొనకుండా వదలడు.

అమ్మే ఆ నలభై రెండూ కాక ఆయన ప్యాంటు జేబులో సొంత కత్తి ఒకటి ఉండేది. ఎద్దుకొమ్ము పిడి, సాన పట్టీ పట్టీ సన్నబడిపోయిన అలుగు. వాళ్ళ నాన్నది. ఇంట్లో బ్లాసా అత్త ఎన్ని కత్తులు బల్ల మీద పెట్టినా రొట్టె, పుచ్చకాయ, ఎండు మాంసం అన్నీ దాంతోనే కోసుకునేవాడు. తిన్నాక రొట్టె ముక్కతో తుడిచి, ఆ ముక్క నోట్లో వేసుకుని, కత్తి మూసి జేబులో వేసుకునేవాడు.

అరవై ఒకటో సంవత్సరం జనవరిలో ఇద్దరు పోలీసులు క్యాంటీన్‌కి వచ్చారు. ఒకాయన పెద్ద వయసువాడు, ఇంకొకతను కుర్రాడు. పెద్దాయన కాఫీ అడిగి, నెమ్మదిగా, "తేబార్ అంటే ఎవరమ్మా?" అన్నాడు. నేను వేలు చూపించాను.

మామయ్యతో ఆయన మాట్లాడింది నా ఎదుటే. వాలెన్సియా వైపు అల్సీరాలో, నారింజ కోతల దగ్గర ఒక కూలివాడు మేస్త్రీని పొడిచాడట. కత్తి మీద మా ఊళ్ళో కత్తులు చేసే హినేస్ కొట్టు ముద్ర ఉంది. హినేస్ ఆ రకం కత్తులు మామయ్యకే ఇచ్చేవాడు. పొడిచినవాడు కూడా అదే చెప్పాడు. ప్లాట్‌ఫారం మీద ఎర్ర రుమాలు కట్టుకున్న పొడుగాయన అమ్మాడని.

"గుర్తుందా?" అన్నాడు పెద్దాయన.

"నెలకి వందమందికి అమ్ముతాను. ఎవరని గుర్తుంటారు?" అన్నాడు మామయ్య.

మళ్ళీ తనే, "అట్ట పెట్టె ఉందా వాడికి? తాడు కట్టింది?" అన్నాడు.

"ఉంది."

"అయితే గుర్తున్నాడు. నాతో కలిసి ఏడు లెక్కపెట్టాడు. బండి కదులుతుంటే కూడా నవ్వుతూనే ఉన్నాడు."

"నీ తప్పేం లేదు. ఉత్త వాంగ్మూలం. ఇక్కడ సంతకం పెట్టు."

"ఆ మేస్త్రీ?"

"మేం బయల్దేరేటప్పటికి ఊపిరితోనే ఉన్నాడు," అన్నాడాయన. కాఫీ తాగేసి లేచాడు. కుర్ర పోలీసు వెళ్ళబోతూ వెనక్కి వచ్చి, వాళ్ళ నాన్నకని ఒక చిన్న కత్తి కొనుక్కున్నాడు. మామయ్య ఇచ్చాడు. ఆ రోజుకి అదే ఆఖరి బేరం.

మర్నాటి నుంచి ఆయన తీరు మారిపోయింది. ఎవరైనా చెయ్యి చాపితే, "దేనికి?" అనేవాడు. "ద్రాక్ష కొమ్మలు కొయ్యడానికి" అన్నా, "రొట్టెకి" అన్నా మొహంలోకి అదే పనిగా చూసేవాడు. ఈలోగా బండి కదిలిపోయేది. తాగి ఉన్నవాళ్ళకి అసలు ఇచ్చేవాడే కాదు. పక్కన అమ్మే కిన్తీన్‌కి ఇది పండగలా ఉంది.

"ఒరేయ్ ఒనోరియో, చర్చి ఫాదరులా నల్ల అంగీ తొడుక్కో. పాపాలు విని క్షమించి, ఆ తర్వాత కత్తి ఇద్దువు గాని," అన్నాడు.

మామయ్య తరువాతి కిటికీకి వెళ్ళిపోయాడు. మామూలుగా అయితే వాడికి నాలుగు తగిలించేవాడే.

ఇంట్లో సంగతి అత్త చెప్పేది. రాత్రుళ్ళు నిద్ర లేదు. పళ్ళెం చేత్తో పట్టుకుని వంటింట్లో తిరుగుతూ తింటున్నాడు. జేబు కత్తి తీస్తాడు, మళ్ళీ లోపల పెట్టేస్తాడు, రొట్టె చేత్తో చించుకుంటాడు. "ఏవయ్యా, కూర్చుని తింటే అరగదా?" అని ఆవిడ అంటే, "మేస్త్రీ పోయాడంటావా?" అని ఆయన అడుగుతాడు. మూడు వారాలు ఇదే వరస. చివరికి ఆవిడే విసిగిపోయింది.

"వెళ్ళి చూసి రా. బతికుంటే బతికున్నాడని తెలుస్తుంది. లేదంటే దణ్ణం పెట్టి వద్దువు గాని. ఇలా వంటిల్లు అరగదీసి ఏం లాభం?" అంది. నా వైపు తిరిగి, "కాసిల్డా, నువ్వూ వెళ్ళవే. మీ మామయ్య ఒక్కడే వెళ్తే సగం దారిలో దిగిపోతాడు," అంది.

ఆదివారం పొద్దున బండికి బయల్దేరాం. నడుముకి పట్టీ లేకుండా ఆయన్ని ప్లాట్‌ఫారం మీద చూడటం నాకు అదే మొదలు. రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉన్నాడు. బండిలో కిటికీ పక్కన చోటు దొరికినా కూర్చోకుండా నడవాలో నిలబడ్డాడు. అల్మాన్సా దాటాక నేలంతా దిగుతూ పోయి, చలి తగ్గి, చెట్ల నిండా నారింజలు కనిపించాయి. నేనెప్పుడూ చూడలేదు, నోరు తెరుచుకుని చూస్తున్నాను. ఆయన మాత్రం, "ఇంకెన్ని స్టేషన్లే?" అని అడుగుతున్నాడు. ఆ దారి ఆయనకి తెలియక కాదు.

అల్సీరాలో మేస్త్రీ బతిస్తే ఇల్లు అడగ్గానే చెప్పారు. చెప్పిన తీరులోనే తెలిసింది, బతికున్నాడని. మామయ్య గోడకి చెయ్యి ఆనించి కాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. ఇంక వెనక్కి పోదామంటాడేమో అనుకున్నాను. అనలేదు.

తలుపు తీసినావిడ బతిస్తే భార్య ఎంపార్. మేమెవరమో చెప్పగానే ఆవిడ మొహం గట్టిపడింది. తలుపు మూసేదే కానీ, లోపల్నుంచి "ఎవరది?" అని గొంతు వినబడింది.

"నిన్ను పొడిచిన కత్తిని అమ్మినాయనట," అంది ఆవిడ గుమ్మంలోంచి కదలకుండా.

"లోపలికి రమ్మను. నాకూ పొద్దుపోవడం లేదు."

బతిస్తే కుర్చీలో వాలి ఉన్నాడు. బొద్దుగా ఉన్న మనిషి, నలభై దాటి ఉంటాయి. చొక్కా కింద పక్కటెముకల చుట్టూ కట్టు. మామయ్య టోపీ చేత్తో పట్టుకుని నిలబడే చెప్పాడు, తను ఎందుకు వచ్చాడో. మాటలు సరిగ్గా పేర్చుకోలేకపోయాడు. బతిస్తే అంతా విని, పక్కటెముక మీద చెయ్యి వేసుకుని నవ్వబోయి, నొప్పికి ఆపుకున్నాడు.

"అయ్యా, నీ మీద నాకు కోపమేం లేదు. నీ దగ్గర మంచి కత్తి లేనందుకు దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను," అన్నాడు.

"మంచి కత్తి లేకపోవడమేంటి?" అన్నాడు మామయ్య. ఆ గొంతు నాకు తెలుసు. ప్లాట్‌ఫారం మీద బేరమాడే గొంతు.

"లేదుగా మరి. వాణ్ణి ఆ వారం పనిలోకి తీసుకోలేదని మీదకొచ్చాడు. పొడిచాడు. మొన పక్కటెముకకి తగిలింది. తగలగానే నీ కత్తి మడతపడిపోయింది. వాడి వేళ్ళే తెగాయి, రెండు. కెవ్వుమని వదిలేశాడు. అది మడతపడకపోతే రెండో పోటు నా గుండెల్లో దిగేది. డాక్టరే చెప్పాడు."

"మడతపడింది?" అన్నాడు మామయ్య.

"శుభ్రంగా. పుస్తకం మూసినట్టు."

ఆయన అప్పుడు కూర్చున్నాడు. ఎవరూ కూర్చోమనకుండానే. ఒక మనిషి బతికాడన్న సంతోషం, తన చెవి పొరబడిందన్న సిగ్గు, రెండూ ఒకేసారి ఆ మొహంలో తిరుగుతుంటే నేను తల దించుకున్నాను. "ఏడూ పలికాయి. నేను విన్నాను," అని మాత్రం గొణిగాడు.

మధ్యాహ్నం అయింది. రమ్మన్నాక తిండి పెట్టకుండా పంపే ఇళ్ళు కావవి. ఎంపార్ బల్ల మీద రొట్టె, పంది సాసేజీ, చట్టిలో వేడి అన్నం తెచ్చి పెట్టింది. కత్తి ఒక్కటి కూడా లేదు. రొట్టె అప్పటికే చేత్తో తుంచి ఉంది. సాసేజీ చుట్ట చుట్టగానే ఉంది.

"దాచేసింది. అన్నీ. కూరలు కోసేది కూడా," అన్నాడు బతిస్తే. "మూడు వారాలుగా కుక్కల్లా పళ్ళతో పీక్కుని తింటున్నాం."

"నువ్వు ఊరుకో," అంది ఎంపార్.

మామయ్య చెయ్యి జేబు మీదకి వెళ్ళింది, వెనక్కి వచ్చింది. బతిస్తే చూశాడు.

"తియ్యవయ్యా. అల్బసేతే వాడి జేబులో కత్తి లేకుండా ఉంటుందా?"

మామయ్య అతని వైపు చూడలేదు, ఆవిడ వైపు చూశాడు. "అమ్మా, తియ్యమంటారా?"

ఆవిడ వద్దనలేదు. ఆయన తీసి, బల్ల మీద అందరికీ కనబడేలా పెట్టి, తెరిచాడు. కటక్, కటక్. అంత నెమ్మదిగా ఆయన కత్తి తెరవడం నేనెప్పుడూ చూడలేదు. మూడో పన్నుకి ఎంపార్ కుర్చీ వీపు పట్టుకుంది. ఏడో పన్నూ పలికింది.

"ఇంతేనా?" అంది ఆవిడ.

"ఏంటమ్మా?"

"ఇంత చిన్నదా? పోలీసులు నాకు చూపించలేదు. నేను ఈ బారెడు ఉంటుందనుకున్నాను. కళ్ళు మూస్తే అదే కనబడుతోంది."

"ఇది మా నాన్నది. అది దీని కన్నా కొంచెం పెద్దది," అన్నాడు మామయ్య. వేలితో బల్ల మీద కొలిచి చూపించాడు. "ఇక్కడిదాకా."

ఆవిడ ఆయన వేలు పెట్టిన చోట తన వేలు పెట్టి, అలుగు మొనతో పోల్చి చూసింది. మళ్ళీ చూసింది. ఆ తర్వాత సాసేజీ చుట్ట ఆయన ముందుకి జరిపి, "పలచగా కొయ్యండి. పీక్కుని తింటే ఆయనకి నొప్పి," అంది.

తిన్నాక మామయ్య రొట్టె ముక్కతో కత్తి తుడిచి, మూసి, జేబులో పెట్టుకున్నాడు. మేం బయల్దేరుతుంటే ఎంపార్ నాకు సంచీ నిండా నారింజలు ఇచ్చింది. ఆయనతో మాత్రం, "మళ్ళీ రాకండి. కోపం వచ్చి కాదు," అంది. ఆయన సరేనన్నాడు.

సాయంత్రం అల్బసేతేలో దిగుతుంటే కొత్తగా చేరిన అమ్మకందారు ఒకడు మామయ్య మొహం చూడకుండానే, "కత్తి కావాలా దొరా, ఉక్కు, అసలు సిసలు ఉక్కు," అంటూ అడ్డం వచ్చాడు. ఆయన వాణ్ణి పక్కకి నెట్టి తిన్నగా హినేస్ కొట్టుకి నడిచాడు. ఆదివారమైనా హినేస్ పనిలోనే ఉన్నాడు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బడి.

సంగతంతా విని హినేస్ ఆకురాయి పక్కన పెట్టాడు. "అంటే నా పనితనం చెడితే మనిషి బతికాడన్నమాట. నన్ను మెచ్చుకోడానికి వచ్చావా, తిట్టడానికి వచ్చావా?"

"నాకే తెలియడం లేదు," అన్నాడు మామయ్య. "ఆ రకానివి ఇంకెన్ని ఉన్నాయి?"

పదకొండున్నాయి. మామయ్య ఒక్కొక్కటే తెరిచి, మొన చెక్కదిమ్మకి గుచ్చి, బరువంతా వేసి నొక్కాడు. నాలుగు మడతపడ్డాయి. నాలుగోది ఆయన బొటనవేలు గీరేసింది. రక్తం ప్యాంటుకి తుడుచుకుంటూ ఆ నాలుగింటి వైపు చూస్తూ నిలబడ్డాడు.

"స్ప్రింగులు మారుద్దామా? లేక..." అన్నాడు హినేస్. మిగతాది అనలేదు. అలాగే వదిలేస్తే ఇంకొకడు బతుకుతాడేమోనని ఇద్దరికీ ఒకటే ఆలోచన అని నాకు అర్థమైంది.

చివరికి మామయ్యే అన్నాడు. "మార్చు. ద్రాక్షతోటలో కూలివాడి చేతిలో ఇలా మడతపడితే వాడి పిల్లలు ఏం తింటారు? పొడిచేవాడు లక్షకొకడు. కోసుకునేవాళ్ళే అందరూనూ."

అంతా విన్న బ్లాసా అత్త, "పోన్లే, ఇంక కుదురుగా కూర్చుంటావు," అంది. కుదురు ఆయనకి రాలేదు. కొమ్మలు కత్తిరించే కాలం రాగానే మళ్ళీ నలభై రెండూ నడుముకి కట్టాడు. కత్తి అమ్మే ముందు చెక్కముక్కకి గుచ్చి నొక్కి చూపించడం మొదలుపెట్టాడు. "దేనికి?" అని అడగడం మాత్రం మానలేదు. ఆ తర్వాత అమ్మిన పదేళ్ళూ ఆయన బేరాలు తక్కినవాళ్ళలో ఎవరికన్నా తక్కువే. కిన్తీన్ కూడా కొన్నాళ్ళకి వేళాకోళం మానేశాడు.

ఆ ఏడు వేసవిలో ఒక రోజు వాలెన్సియా బండిలో ఒకడు కిటికీలోంచి చెయ్యి చాపాడు. మొహం చిట్లించుకుని ఉన్నాడు, తాగలేదు. "దేనికి?" అన్నాడు మామయ్య. "నీకెందుకు?" అన్నాడు వాడు. మామయ్య ఇవ్వలేదు. వాడు కిన్తీన్‌ని పిలిచి కొనుక్కున్నాడు. బండి కదిలింది. మామయ్య ఆ కిటికీ పక్కనే నడవడం మొదలుపెట్టాడు, తర్వాత పెద్ద పెద్ద అంగలు వేశాడు. నడుముకున్న కత్తులన్నీ గలగలమంటున్నాయి.

"ఏ ఊరు పోతున్నావు? ఎవరింటికి? అబ్బాయ్, నీకు అమ్మ ఉందా?" అని అడుగుతున్నాడు.

వాడు వింతగా చూసి ఏదో అరిచి చెప్పాడు. ప్లాట్‌ఫారం చివర మామయ్య ఆగిపోయాడు. బండి వంపు తిరిగే వరకూ చూసి, క్యాంటీన్‌కి వచ్చి కాఫీ అడిగాడు. నేను కుర్చీ లాగాను. ఆయన చూడలేదు.

"ఏం చెప్పాడు మామయ్యా?"

"పుచ్చకాయ తినడానికట," అన్నాడు. "నమ్మొచ్చంటావా?"

నేను ఏమీ అనేలోపే కప్పు కింద పెట్టేసి, తరువాతి బండి ఎన్నింటికని అడిగాడు.