కోట కొండ మీద ఊడిన మేనమామ ఉద్యోగం

మేనమామగా నా ఉద్యోగం మొదటి రోజే ఊడింది. ఎలా ఊడిందో చెప్తాను, నవ్వుకోండి. మా బంధువులంతా ఎప్పుడో నవ్వేశారు, మీరే మిగిలారు.

వేప్పనపల్లిలో ఉండే మా చెల్లెలి కొడుక్కి పుట్టువెంట్రుకలు తీసే రోజు. ఆంధ్రా ఎల్లకు దగ్గర్లో కోట కొండ. పైన ప్రాకారం, దాని లోపల పాత ఊరు, ఊళ్లో అమ్మవారి గుడి. మా వాళ్ళలో బిడ్డను మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుంటేనే కత్తి పడుతుంది. ఉన్న మేనమామను నేనొక్కణ్ణే. "ముహూర్తం దాటితే నీతో మాట్లాడనే మాట్లాడను అన్నా" అని చెల్లెలు ముందే బెదిరించింది.

హోసూరులో షిఫ్టు దిగి, బస్సు పట్టుకుని, ఆలస్యంగానే కొండెక్కాను. అయినా కోటగోడ దగ్గర సెల్ఫీ తీసుకోకపోతే గోడ నొచ్చుకుంటుందేమో అనిపించింది. ఫోను ఎత్తానో లేదో, ఒక కోతి నా కళ్ళద్దాలు లాక్కుని బురుజెక్కింది. అద్దాలు లేకపోతే నాకు మనుషులందరూ ఆరేసిన బట్టల్లాగే కనిపిస్తారు.

వాకిలి దాటగానే పసుపు చీరల గుంపు, డోలు, బిడ్డ ఏడుపు.

"మేనమామ యాడప్పా? పొద్దు పోతా ఉంది!" అని మంగలి అరిచాడు.

"వచ్చినాను, వచ్చినాను!" అంటూ చతికిలబడ్డాను. ఆ తొందరలో నా ముఖం ఎవరు చూస్తారు? బిడ్డను ఒళ్ళో పడేశారు. గుండయింది. బిడ్డ నా కొత్త పంచె తడిపింది. నేను ఆనందం పట్టలేక, "అచ్చం మా నాయన ముక్కే!" అన్నాను.

పొంగలి దించి అప్పుడే వచ్చిన బిడ్డ తల్లి, "మీ నాయన ఎవరప్పా?" అంది. ఆ గొంతు మా చెల్లెలిది కాదు.

"ఇది వేప్పనపల్లోళ్ళ గుండు కాదామ్మా?"

"వాళ్ళు గుడి వెనకాల ఉండారు. మేము కుప్పమోళ్ళం. అయ్యో, మా అన్న యాడ పోయినాడో!"

పడుతూ లేస్తూ గుడి వెనక్కి పరుగెత్తాను. అక్కడ దగ్గరికి వంగి చూస్తే, మా మేనల్లుడు నున్నటి గుండుతో, ఎవరో లావుపాటి మనిషి ఒళ్ళో కిలకిల నవ్వుతున్నాడు.

"నువ్వెవరప్పా?" అన్నాను.

"కుప్పం అన్నని. నేనొచ్చేసరికి ఆడ నా చోట్లో నువ్వు కూర్చోనుంటివి. ఈడ ఈయమ్మ ముహూర్తం పోతా ఉందని ఏడస్తా ఉండింది. ఊరికే నిలబడేదెందుకని కూర్చుంటిని."

చెల్లెలు నన్ను తిట్టలేదు. ఆయన వైపు తిరిగి, "ఇంకొంచెం పాయసం ఏసుకో అన్నా" అంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మొన్న ఫోను చేసింది. "బిడ్డకి చెవులు కుట్టిస్తా ఉండాం. కుప్పం అన్న ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాడు. నువ్వూ రా అన్నా, కర్ర పట్టుకోని కోతుల్ని తోలుదువుగాని."

కోట అమ్మవారి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట తల్లి గొంతు వినకుండా ఏ బిడ్డనూ ఒళ్ళోకి తీసుకోను. కర్ర మాత్రం ఇప్పటికే కొన్నాను.