మైకుసెట్టు మహమూద్ సాక్ష్యం

మా కారంపూడి చుట్టుపక్కల మైకుసెట్టు అంటే మహమూద్ సాయిబే. సైకిలు వెనక రెండు స్పీకరు గొట్టాలు, ఒక యాంప్లిఫయరు, ఒక బ్యాటరీ కట్టుకుని ఆయన ఎనభైల్లో తిరగని పల్లె లేదు. పెళ్ళికీ, ఉరుసుకీ, చర్చి పండగకీ, ఎలక్షన్ సభకీ ఆయనే. ఏ పార్టీ పిలిచినా వెళ్ళేవాడు. ఆయన అందరి సభల్లోనూ ఉండేవాడు గనక ఎవరూ ఆయన్ని పట్టించుకునేవాళ్ళు కాదు.

ఆయనకొక అలవాటు ఉండేది. సభ మొదలవగానే ఖాళీ క్యాసెట్ వేసి, స్టేజీ మీద జరిగేదంతా రికార్డు చేసేవాడు. ఎవరో అడిగి కాదు. మొదట్లో గొంతు ఎట్లా పలికిందో ఇంటికెళ్ళి వినటానికి చేశాడు. తర్వాత పాటల కోసం చేశాడు. నాయకులు ఎప్పుడూ ఆలస్యంగానే వచ్చేవాళ్ళు. వాళ్ళొచ్చేదాకా జనం లేచిపోకుండా ఊరి పాటగాళ్ళు పాడేవాళ్ళు. నాగులేటి నీళ్ళ మీద, మిరప ధర మీద, ఎదటి పార్టీ వాడి మీసాల మీద అప్పటికప్పుడు కట్టిన పాటలు అవి. ఏ కంపెనీ వాటిని రికార్డుగా తేలేదు. మహమూద్ ట్రంకు పెట్టెలో మాత్రం రెండు వందల పైచిలుకు క్యాసెట్లుగా మిగిలాయి. ఒక్కో దాని మీద ఊరు, తారీఖు, పాడినవాళ్ళ పేర్లు ఉర్దూలో రాసుకున్నాడు.

నాలుగేళ్ళ కిందట వర్షిణి అనే అమ్మాయి ఆ పెట్టె వెతుక్కుంటూ వచ్చింది. నరసరావుపేటలో డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతుంది. పల్నాటి రాజకీయ సభల మీద, ఆ సభల్లో పుట్టిన పాటల మీద పుస్తకం రాస్తున్నానంది. పల్నాడు అంటే వీరుల యుద్ధం తప్ప ఇంకేమీ జరగనట్టే అందరూ రాశారనీ, మొన్న మొన్నటి చరిత్ర ఎవరూ రాయలేదనీ ఆమె బాధ. క్యాసెట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, పెట్టె భద్రంగా తిరిగిస్తానంది. మహమూద్ ఒప్పుకున్నాడు.

పెట్టె ఇచ్చే ముందు రోజు ఆయన అందులోంచి ఒక క్యాసెట్ తీసి బీరువా మీద పెట్టాడు. తెల్లారి మళ్ళీ తీసి పెట్టెలో వేశాడు. భార్య సాబిరా చూసింది.

"అదెందుకు పెడతన్నావు?"

"ఏమో" అన్నాడు మహమూద్. ఆ క్యాసెట్ ఏమిటో ఆ ఇంట్లో ఇద్దరికీ తెలుసు.

అది తొంభై ఒకటి వేసవిది. ఆ ఊరి పేరు నేను రాయను, అక్కడ ఇప్పటికీ రెండు వర్గాలూ ఉన్నాయి. ఆ రోజు సభ నాగేశ్వరరావు గారిది. పెద్ద రైతు, చుట్టుపక్కల పది ఊళ్ళలో ఆయన మాట చెల్లేది. ఆయన వచ్చేలోపు ఆరోగ్యస్వామి పాడాడు. రెంటచింతల దగ్గరి పల్లెలో కూలిపని చేసుకునే మనిషి, చర్చిలోనూ ఆయనే పాడేవాడు. ఎవరు పిలిచినా వచ్చి పాడటమే తప్ప పార్టీలు ఎరగడు. ఆ రోజు పాటలో ఊరి బావి మాట వచ్చింది. బావి చుట్టూ కంచె వేస్తే దాహానికి కంచె వెయ్యగలరా అని పాడాడు. జనం ఈలలు వేశారు. ఆ కంచె వేయించింది నాగేశ్వరరావు గారేనని పొరుగూరి నుంచి వచ్చిన ఆరోగ్యస్వామికి తెలియదు.

సభ అయిపోయాక మహమూద్ వైర్లు చుట్టుకుంటున్నాడు. గొట్టాలు ఆపేశాడు గానీ టేపు ఇంకా తిరుగుతూనే ఉంది. స్టేజీ మీది మైకు దగ్గర నిలబడి పాట సంగతి చెవిన వేసిన తన మనుషులతో నాగేశ్వరరావు గారు అన్న మాట అందులో పడింది. "వాడు మళ్ళా నోరు తెరవకూడదు. ఆదివారం లోపల."

శనివారం సాయంత్రం కాలవ గట్టు మీద ఆరోగ్యస్వామి శవం దొరికింది.

కేసు అయింది. నాగేశ్వరరావు గారి వకీలు, ఆ రోజు అసలు సభే జరగలేదనీ, ఆయన గుంటూరులో ఉన్నారనీ వాదించాడు. సభకి వచ్చినవాళ్ళెవరూ నోరు విప్పలేదు. మైకు కట్టినవాడిగా మహమూద్‌ని సాక్షిగా పిలిచారు. దానికి వారం ముందు ఇద్దరు మనుషులు ఆయన మైకుసెట్టు కొట్టుకి వచ్చి, ఒక గొట్టాన్ని చేత్తో నిమురుతూ, "ఇంట్లో ఆడమనిషికి ఎన్నో నెల సాయిబూ?" అని మాత్రం అడిగి వెళ్ళారు. సాబిరాకి ఏడో నెల. కోర్టులో మహమూద్, "ఆ రోజు ఆ ఊరికి మైకు కట్టలేదండీ" అన్నాడు. కేసు కొట్టేశారు. రెండు నెలలకి కొడుకు ఆదిల్ పుట్టాడు.

క్యాసెట్‌ని ఆయన కాల్చెయ్యనూ లేదు, ఎవరికీ ఇవ్వనూ లేదు. అట్లా ముప్పై ఏళ్ళు గడిచాయి.

వర్షిణికి ఉర్దూ చదవటం రాదు. క్యాసెట్ల మీది రాతలు మహమూదే ఒక్కొక్కటీ చదివి చెప్పాలి. ఆ క్యాసెట్ చేతికి వచ్చినప్పుడు ఇంకో ఊరు, ఇంకో తారీఖు చెబితే సరిపోయేది. ఆయన ఉన్నది ఉన్నట్టు చదివాడు. మూడు నెలల తర్వాత వర్షిణి ఫోన్ చేసింది.

"బాబాయ్, ఆ క్యాసెట్ చివరిదాకా విన్నాను. కోర్టు కాగితాలు కూడా చూశాను. మీరు వద్దంటే ఇది పుస్తకంలో వెయ్యను. వేస్తే మీ పేరు తీసేస్తాను."

"పేరు లేకపోతే ఎవరు నమ్ముతారమ్మా? నా పేరే వెయ్యి" అన్నాడు మహమూద్.

పోయిన ఏడాది పుస్తకం వచ్చింది. దాదాపు నాలుగు వందల పేజీలు. పాటలు, సభల ఫోటోలు, పాటగాళ్ళ బతుకులు ఎన్నో ఉన్నాయి అందులో. చదివినవాళ్ళు తక్కువే. కానీ ఆరోగ్యస్వామి మీద ఉన్న పదకొండు పేజీలను ఎవరో ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టారు. రెండు రోజుల్లో అవి మాచర్ల నుంచి సత్తెనపల్లి దాకా పాకాయి.

నాగేశ్వరరావు గారు పోయి పదేళ్ళయింది. ఆయన మనవడు వంశీ ఇప్పుడు మండలంలో పార్టీ పని చూస్తున్నాడు. ఒకరోజు పొద్దున్నే నలుగురితో వచ్చాడు. కోపంగా లేడు. చెప్పులు బయట విడిచి, కుర్చీ తనే లాక్కుని కూర్చున్నాడు.

"తాతా, చచ్చిపోయిన మనిషి మీద ఎందుకిదంతా? ఆ గొంతు మా తాతదని ఏంది గ్యారంటీ? ఇప్పుడు కంప్యూటర్లో ఎవరి గొంతయినా చేయొచ్చంట గదా. ఆ క్యాసెట్ నాది కాదు, ఆ అమ్మాయి కల్పించిందని ఒక్క ముక్క చెప్పు. వీడియో తీసుకుని పోతాం."

మహమూద్ కొడుకు వైపు చూశాడు. ఆదిల్‌కి ఇప్పుడు డీజే బాక్సులున్నాయి, ఎల్‌ఈడీ స్క్రీను ఉంది, వాటిని మోసే బండి ఉంది. ఊరేగింపుల సీజను మొదలైంది. పుస్తకం వచ్చినప్పటి నుంచి ఏడు పెళ్ళిళ్ళవాళ్ళు వద్దన్నారు.

"చెప్పబ్బా" అన్నాడు ఆదిల్ తండ్రితో, నేల చూస్తూ. "ఒక్క ముక్కే గదా. అప్పుడు కోర్టులో చెప్పిందే గదా."

ఆ మాట కొడుక్కి ఎవరు చెప్పారో మహమూద్‌కి తెలియదు. పుస్తకంలో ఉందని తర్వాత గుర్తొచ్చింది. ఫోన్ ముందు కూర్చుని వాళ్ళు చెప్పమన్నది చెప్పాడు. ఇరవై సెకండ్లు పట్టింది. వంశీ దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

వీడియో బయటికి వచ్చాక వర్షిణిని దొంగ అన్నారు. కాలేజీకి ఫిర్యాదులు వెళ్ళాయి. ఆమె ఆ సాయంత్రం ఫోన్ చేసింది.

"బాబాయ్, మిమ్మల్ని కొట్టారా?"

"కొట్టలేదమ్మా."

ఆమె ఇంకేదో అడుగుతుందనుకున్నాడు. అడగలేదు. ఫోన్ పెట్టేసింది. తిట్టినా బాగుండేదని సాబిరాతో అన్నాడు. ఆ వారమంతా ఆయన నమాజుకి తప్ప గడప దాటలేదు. కొట్టు ఆదిలే తెరిచాడు. వద్దన్న ఏడుగురిలో ముగ్గురు మళ్ళీ ఫోన్ చేసి బాక్సులు మాట్లాడుకున్నారు.

తర్వాతి వారం మధ్యాహ్నం రెంటచింతల బస్సు దిగి ఒక ముసలామె ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. తెల్ల చీర, మెడలో జపమాల. మహమూద్ ఆమెని ముప్పై ఏళ్ళ కింద కోర్టు వరండాలో చూశాడు. ఆరోగ్యస్వామి భార్య ఇన్నాసమ్మ.

"నీ వీడియో చూశా సాయిబూ" అంది నిలబడే. "క్యాసెట్ నీది కాదంటన్నావు. సరే. ఎవరిదైతేనేం, నీకాడ ఉందంట. మా ఆయన పాట వినిపిస్తావా? ఆయన గొంతు ఎట్టుండేదో నాకు మర్చిపోయినట్టుంది."

సాబిరా ఆమెని కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. మహమూద్ వర్షిణి తిరిగిచ్చిన పెట్టె తెరిచి, పాత టేప్‌రికార్డర్ తుడిచి, క్యాసెట్ వేశాడు. ఆరోగ్యస్వామి దగ్గి, గొంతు సవరించుకుని, మొదలుపెట్టాడు. ఇన్నాసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాట అయిపోయింది, ఈలలు అయిపోయాయి. మహమూద్ టేపు ఆపబోయాడు.

"ఆపమాక" అంది ఆమె.

నాగేశ్వరరావు గారి ప్రసంగం వచ్చింది. తర్వాత కుర్చీలు జరుపుతున్న చప్పుడు. తర్వాత ఆ మాట. క్యాసెట్ తిరుగుతూ తిరుగుతూ టక్కున ఆగింది.

"ఇది నీ టేపేనా?"

"నాదే అక్కా."

"ముప్పై ఏళ్ళు దగ్గర పెట్టుకుని కూర్చున్నావా?"

అప్పుడు సాబిరా కడుపుతో ఉందని మహమూద్ చెప్పబోయి మానుకున్నాడు. అప్పటికి ఇన్నాసమ్మ చంకలో కూడా ఏడాది పిల్ల ఉందని ఆయనకి తెలుసు. కోర్టు వరండాలో ఆ పిల్ల ఏడుపు విన్నాడు.

ఆమె వెళ్ళిన మర్నాడు ఆయన ఎవరితోనూ చెప్పకుండా గురజాల వెళ్ళాడు. నోటరీ దగ్గర కూర్చుని కాగితం రాయించాడు. క్యాసెట్ నాదే, నేనే రికార్డు చేశాను, కోర్టులో చెప్పింది అబద్ధం, వీడియోలో చెప్పింది కూడా అబద్ధం అని. నోటరీ రెండుసార్లు చదివి వినిపించి, "పెద్దాయనా, దీనివల్ల నీకు కేసు రావచ్చు, వాళ్ళకి ఏమీ కాదు. చేసినాయన పోయాడు గదా" అన్నాడు. మహమూద్ సంతకం పెట్టి, అక్కణ్ణుంచే బస్సెక్కి నరసరావుపేట వెళ్ళి, వర్షిణి చేతికి ఇచ్చాడు. ఆమె చదివి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, అన్నం తిని వెళ్ళమంది.

కాగితం గురించి ఆదిల్‌కి ఊళ్ళోవాళ్ళు చెప్పారు.

"నాకొక్క మాట చెప్పాలనిపించలేదా అబ్బా?"

"చెబితే ఆపేవాడివి."

"ఆపేవాణ్ణే" అన్నాడు ఆదిల్. "నా పిల్లల నోటికాడి కూడు అది."

నెల తిరగక ముందే అతను బాక్సులు, స్క్రీను బండికెత్తుకుని, పెళ్ళాం పిల్లల్ని తీసుకుని, కృష్ణ దాటి మిర్యాలగూడ వెళ్ళిపోయాడు. తల్లికి వారానికోసారి ఫోన్ చేస్తాడు. తండ్రి గురించి అడగడు. వంశీ మనుషులు మళ్ళీ రాలేదు, కేసూ పెట్టలేదు. ఊళ్ళో కొందరు మహమూద్‌తో మాట్లాడటం మానేశారు. మాట్లాడేవాళ్ళు కూడా ఆ సంగతి ఎత్తరు. వర్షిణి మీద ఫిర్యాదులు వెనక్కి పోలేదు గానీ, రెండో ముద్రణలో ఆ కాగితం మొత్తం వేసింది.

అక్టోబరు చివర్లో ఇన్నాసమ్మ కబురు పంపింది. నవంబరు రెండున, చనిపోయినవాళ్ళను తలుచుకునే చర్చి పండగ రోజు సాయంత్రం సమాధుల దగ్గర ఆ పాట వెయ్యాలనీ, ఫోన్‌లో వద్దనీ, గొట్టం తెమ్మనీ. మహమూద్ అటకమీది పాత గొట్టం దింపి, తుప్పు గీకి, ఆటోలో వేసుకుని వెళ్ళాడు. సమాధుల గేటు పక్క స్తంభం ఎక్కటానికి మోకాళ్ళు ఒప్పుకోలేదు. ఆమె మనవడు ఎక్కి కట్టాడు.

కొవ్వొత్తులు వెలిగించి, ఫాదర్ ప్రార్థన ముగించాక, ఆరోగ్యస్వామి పాడాడు. అక్కడున్న రెండు మూడు వందల మందిలో ఆ గొంతు ఎరిగినవాళ్ళు పదిమంది ఉంటారేమో. వాళ్ళలో ఒక ముసలాయన పాట మధ్యలో తనూ కలిపాడు, మాటలు తప్పుతున్నా. ఇన్నాసమ్మ సమాధి మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. పాట అయిపోగానే మహమూద్ టేపు ఆపాడు. ఈసారి ఆమె వద్దనలేదు.

జనం పల్చబడ్డాక ఆయన వైరు చుట్టుకుంటుంటే ఆమె దగ్గరికొచ్చింది.

"నిన్ను క్షమించానని అనుకోమాక సాయిబూ."

"అనుకోలేదక్కా."

ఆమె ఆరిపోతున్న కొవ్వొత్తుల వైపు చూసింది.

"ఆఖరి బస్సుకి ఇంకా టైముంది. ఇంటికొచ్చి టీ తాగి పో" అంది.