ఒకరోజు విడిచి ఒకరోజు

వీరలక్ష్మి సంగారెడ్డి డిపోలో కండక్టరు. ఇరవై ఆరేళ్లుగా టికెట్లు కొడుతున్న మనిషి. ఆడవాళ్లకు బస్సు ఉచితమైన తర్వాత కూడా ప్రతి ఒక్కరి చేతిలో సున్నా టికెట్ పెట్టి, "పారెయ్యకమ్మా, చెకింగోళ్లొస్తే అడుగుతరు" అని చెప్పేది. భర్త అంజయ్య పటాన్‌చెరులో ఒక చిన్న ఫ్యాక్టరీలో గేర్లకు పళ్లు కోసేవాడు. చాలా రోజులు ఆమె బస్సులోనే డ్యూటీకి వెళ్లేవాడు, అందరిలాగే టికెట్ కొనుక్కుని. వాళ్లకు పిల్లలు లేరు. పోతిరెడ్డిపల్లిలో రెండు గదుల ఇల్లు.

అంజయ్య ఒకసారి ఫోన్లో ఒక వీడియో చూశాడు. స్విట్జర్లాండ్‌లో కొండ ఎక్కే రైలు. పట్టాల నడుమ పళ్లున్న ఇనుప పట్టీ, రైలు కింద పళ్ల చక్రం. ఆ పళ్లూ ఈ పళ్లూ పట్టుకుని బండి నిట్టనిలువుగా ఎక్కుతోంది. అతను ఆ వీడియోను చుట్టాలందరికీ చూపించాడు. ఎవరికీ అందులో గొప్పేమీ కనిపించలేదు.

"నేను కోసిన గేర్ల పండ్లు ఏ మిషన్ల పడ్డయో నాకెర్కలేదు," అన్నాడు భార్యతో. "గీ రైలుది మాత్రం కండ్లతోని చూడాలె."

నిరుడు వేసవిలో అతని గుండె పంపింగ్ సగానికి పడిపోయిందని తేలింది. పని మానేశాడు. విమానం ఎక్కొచ్చా అని వీరలక్ష్మి అడిగితే డాక్టరు "పోయేదుంటే ఇప్పుడే పోయి రండి. ఒకరోజు తిరిగితే ఒకరోజు పూర్తిగా పడుకోవాలి" అన్నాడు. ఆ 'ఇప్పుడే' అన్న మాట అర్థమయ్యాక ఆమె ఇక వెనకాడలేదు. సెప్టెంబరుకు లీవు పెట్టింది.

బస్టాండు దగ్గర టికెట్ బుకింగ్ దుకాణం నడిపే లతీఫ్ ఆమెకు పాతికేళ్ల పరిచయం. విమానం టికెట్లు తీశాక, అక్కడి రైళ్లకు రెండు రకాల పాసులున్నాయని చెప్పాడు. ఒకటి వరుసగా ఎనిమిది రోజులూ ఏ రైలైనా, పడవైనా ఎక్కే పాసు. రెండోది నాలుగు రోజుల పాసు. మనకు కావలసిన రోజుల్లోనే వాడుకోవచ్చు.

"అక్కా, వరుస పాస్ తీస్కో," అన్నాడు లతీఫ్. "పొద్దున లేచి చూడు. అన్న తబియత్ మంచిగుంటే ఎక్కు, లేకుంటే లేదు. పరేషానే ఉండదు."

"పండుకునే రోజుకు టికెట్ ఎందుకు లతీఫ్ భాయ్? డాక్టర్ చెప్పినట్లు ఒకరోజు ఇడిసి ఒకరోజు పోతం. నాలుగు రోజులది చాలు."

టికెట్ల సంగతి ఆమెకు చెప్పేటంతటివాడినా అనుకుని లతీఫ్ ఆమె అడిగిన పాసులే తీశాడు. ఏ రోజు ఎక్కడికో ఆమె కాగితం మీద రాసుకుంది. కొండ రైలు అయిదో రోజు.

లూసెర్న్ అనే ఊళ్లో, సరస్సుకు దగ్గరలో గది. మొదటి రోజు విమానం దిగి రైల్లో వచ్చారు. రెండో రోజు పడుకున్నారు. మూడో రోజు చాలా దూరం తిరిగారు. అంజయ్య అద్దానికి ముఖం ఆనించి పసిపిల్లాడిలా కూర్చున్నాడు.

నాలుగో రోజు ఆమె లేచేసరికి అతను స్నానం చేసి, చొక్కా వేసుకుని, కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఆ రైలు ఎక్కే కొండ శిఖరం దాకా కనిపిస్తోంది.

"లక్ష్మీ, ఇయ్యాల పోదామా? జెర హుషారుగుంది."

ఆమె కాగితం వైపు చూసింది. "నిన్ననే గంత తిరిగితిమి. ఇయ్యాల పండుకో. రేపటికి బలం వస్తది."

అతను చొక్కా విప్పి మడతపెట్టి మంచం మీద ఒరిగాడు. ఆ రోజంతా ఎండ కాసింది.

అయిదో రోజు తెల్లవారేసరికి అతని కాళ్లు వాచాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. బయట ముసురు. ఆమె మందులిచ్చి, పక్కనే కూర్చుంది.

"నువ్వు పోయిరా," అన్నాడు.

"నిన్నిడిసి నేనేడికి పోత?"

అతనికి కోపం వచ్చింది. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, ఊపిరందకుండా అరిచాడు. "ముప్పై ఏండ్లు పండ్లు కోసిన. అవి ఎట్ల పట్టుకుంటయో ఫోన్లనన్న పట్టుకొచ్చి సూపియ్యి నాకు!"

వెళ్లింది. పడవలో సరస్సు దాటి, కొండ కింద స్టేషన్లో దిగింది. ప్లాట్‌ఫారం అంచున మోకాళ్ల మీద కూర్చుని, పళ్ల పట్టీని, చక్రాన్ని, ఒక బండి కదిలి వెళ్లే దాకా వీడియో తీసి, తర్వాతి బండి ఎక్కింది. లోపల టికెట్లు చూసే అతను వచ్చాడు. ఆమె చేతిలో రెండు పాసులూ ఉన్నాయి. అతను రెండింటినీ చూసి, పక్కనున్న ఖాళీ సీటు వైపు చూశాడు. చెప్పడానికి ఆమెకు భాష లేదు. తల అడ్డంగా ఊపింది.

బండి ఎక్కుతోంది. కింద పళ్లు ఒక్కొక్కటే పడుతున్న చప్పుడు. సగం కొండ దగ్గర చిన్న స్టేషన్ వస్తే, ఇక కూర్చోలేక దిగిపోయింది. అక్కడి బల్ల మీద నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత కిందికి వచ్చే బండి ఎక్కింది.

అంజయ్య వీడియోను మూడుసార్లు చూశాడు. చక్రం దగ్గర ఆపి, వేళ్లతో పెద్దది చేసి చూశాడు.

"సీదా కోసిన పండ్లే. గ్రీజు మంచిగ పెడ్తున్నరు," అన్నాడు తృప్తిగా. తర్వాత అడిగాడు. "పైన ఎట్లుండె?"

"మంచు," అన్నది ఆమె. "ఏడ సూసినా తెల్లగ మంచే."

అతను నవ్వి, కళ్లు మూసుకున్నాడు. మిగిలిన పాసు రోజు వాడకుండానే ఇంటికి తిరిగి వచ్చారు. నవంబరు రెండో వారంలో, సంగారెడ్డి ఆసుపత్రిలో, అంజయ్య చనిపోయాడు.

పదకొండో రోజు తర్వాత లతీఫ్ ఇంటికి వచ్చాడు. అప్పటిదాకా ఎవరితోనూ అనని మాట వీరలక్ష్మి అతనితో అన్నది.

"నువ్వు చెప్పిన పాసే తీస్కుంటే, కాయితం గాకుండ ఆయనను సూసి పోతుంటిమి, నాలుగో రోజు ఎక్కుతుండె లతీఫ్ భాయ్. చొక్కా గూడ ఏసుకున్నడు. నేనే పండుకోమన్న. మల్ల నేను గూడ పైదాకా పోలె. పోయిన అని అబద్ధం చెప్పిన."

"నేను గిరాకీలందరికీ గదే పాస్ చెప్తనక్కా," అన్నాడు లతీఫ్. "అన్నను చూసి చెప్పింది గాదు. అన్నను చూసి తీస్కున్నది నువ్వే."

ఆ మాటకు ఆమె తల ఊపింది గానీ, ఆ ఓదార్పు ఆమెకు అందలేదు.

నెల తిరిగాక డ్యూటీలో చేరింది. పటాన్‌చెరులో షిఫ్టు వదిలే వేళకు అంజయ్య వేసుకునేలాంటి బూడిదరంగు యూనిఫారాలు గుంపుగా బస్సెక్కుతుంటే ఆమె చేయి టికెట్ మిషన్ మీద ఆడలేదు. మూడు రోజులు చూసి, డిపోలో అడిగి రూటు మార్పించుకుంది. ఇప్పుడు నారాయణఖేడ్ బస్సులో వెళుతోంది. తెలిసినవాళ్లు ఎక్కితే, స్విట్జర్లాండ్ ఎట్లుండె అని అడుగుతారు. "సలి ఎక్కువ," అంటుంది. టికెట్ చేతిలో పెట్టి వెనక సీట్ల వైపు నడుస్తుంది.