పిల్లల మీదున్న కొరమీను

యాదలక్ష్మి పొడి చేత్తో ఎరను ముట్టదు. ముట్టుకుంటే ఎరగా వాడే పరక చేపపిల్ల ఒంటి మీది జిగురు పోయి తొందరగా చస్తుందంటుంది. అరచెయ్యి తడుపుకుని, దాన్ని మెత్తగా పట్టుకుని, వెన్ను మీది రెక్క దగ్గర ముల్లుకు తగలకుండా తోలు కింద నుంచి కొక్కెం దాటిస్తుంది. అలా గుచ్చిన పరక నీళ్లలో గంటసేపు ఈదుతుంది. కొరమీనుకు కావలసింది అదే. చచ్చిన ఎర దాని ముందు నుంచి పోయినా సాధారణంగా పట్టించుకోదు.

చౌటుప్పల్‌కు పది కిలోమీటర్ల దూరంలో ఉన్న మా ఊళ్లో ఈ పని ఇంత శుభ్రంగా చేసేవాళ్లు ఇంకొకరు లేరు. ఆమెకు యాభై రెండేళ్లు. తండ్రి దగ్గర నేర్చుకుంది. భర్త నరసింహ, కొడుకు ఇద్దరూ మందుల ఫ్యాక్టరీ పనికి పోతారు. వాళ్లకు చేప తినడమే తెలుసు. పన్నెండేళ్ల కిందట ఆటో బోల్తా పడి ఆమె కుడి భుజం విరిగింది. అతికింది గానీ, ఆ చెయ్యి చెవి దాటి పైకి లేవదు. వల విసరలేదు కాబట్టి గాలమే ఆమె పని అయింది.

చెరువులో పూడిక తీసి, చేప పిల్లలను వదిలాక మత్స్యకారుల సంఘం ఒక కట్టుబాటు పెట్టింది. సంఘంలో లేనివాళ్లు చెరువులో గాలం కూడా వేయకూడదు. ఆ ఏడు వానాకాలమంతా ఆమె గాలం కర్ర ఇంటి చూరులోనే ఉండిపోయింది. చెరువు కట్ట మీదికి పోయి కూర్చుని వచ్చేది. ఏం చూస్తున్నావని అడిగితే, "ఎక్కడ ఎగురుతున్నయో సూస్తున్న" అనేది.

మరుసటి శ్రావణంలో కొత్త సభ్యులకు నైపుణ్య పరీక్ష పెట్టారు. వల విసరాలి, లేదా ఎలాగైనా చేపను పట్టి చేతిలో చూపించాలి. యాదలక్ష్మి పేరు రాయించింది.

సంఘం అధ్యక్షుడు భిక్షపతి ఆమెకు వరసకు మరిది. అతనన్నాడు:

"వదినె, గాలం ఏసుడు గూడ ఒక పనేనా? పొద్దు వోనోళ్లు ఏసేది గది."

"పొద్దు వోక ఏసేటోనికి చేప వడదు మరిదీ. నువ్వు ఎన్నడన్న పట్టినవా?"

అక్కడున్నవాళ్లు నవ్వారు. భిక్షపతి కూడా నవ్వాడు.

పరీక్షకు ముందురోజు సాయంత్రం ఆమె పాత చీర ముక్కతో కాలువలో పదకొండు పరక పిల్లలను పట్టి, చెరువు నీళ్లు పోసిన బిందెలో ఉంచింది. పొద్దున చూస్తే తొమ్మిది వెల్లకిలా తేలుతున్నాయి. నీళ్లు మాత్రం అద్దంలా ఉన్నాయి.

కోడలు శ్రీదేవి వాకిట్లో చీపురు పట్టుకుని నిలబడిపోయింది.

"అత్తమ్మా, నీళ్లు మురికిగున్నయని పారవోసి నల్లా నీళ్లు నింపిన. మంచిగుంటయనుకున్న."

మా వైపు బోరు నీళ్లతో పళ్లు, ఎముకలు పాడైన ఇళ్లు ఎన్నో. నల్లా నీళ్లంటే పసిపిల్లలకూ, చుట్టాలకూ ఇచ్చే మంచి నీళ్లు. శ్రీదేవి చేపలకు కూడా ఆ మర్యాదే చేసింది. ఆ నీళ్లలో కలిపే మందు మనకు మంచిది, పరక పిల్లకు కాదు.

యాదలక్ష్మి బిందెలోకి తొంగి చూసింది. "మనుషులకు మంచిది గద బిడ్డా, గట్లనే అనుకున్నవ్. ఆ డబ్బా ఇట్ల తే" అంది. మిగిలిన రెండింటినీ డబ్బాలోకి మార్చి, చెరువు దాకా ఇద్దరూ నడిచారు. దారిలో ఒకటి చచ్చింది. చెరువు నీళ్లు పోయగానే రెండోది మెల్లగా తోక ఆడించింది.

మత్స్యశాఖ నుంచి ఒక మేడం వచ్చింది. వల విసిరేవాళ్ల వంతు ముందే అయిపోయింది. యాదలక్ష్మి ఒడ్డున నిలబడి నీళ్ల వైపు చూస్తుండగా భిక్షపతి దగ్గరికి వచ్చి తుంగ పక్కన చూపించాడు. అక్కడ నీళ్ల మీద చారెడు జాగా ఉడుకుతున్న అన్నంలా కదులుతోంది. ఎర్రగా, అగ్గిపుల్లంత పిల్లలు గుంపుగా పైకి వచ్చి గాలి పీల్చి మునుగుతున్నాయి. వాటి కింద తల్లీ తండ్రీ కొరమీనులు కావలి ఉంటాయి.

"నీ అదృష్టం వదినె. పిల్లల మీదున్నది. ఆడ ఎయ్యి, ఉత్త కొక్కెం సూపెట్టినా కొరుకుతది."

శ్రీదేవి అత్త కొంగు పట్టుకుంది. "ఆడనే ఎయ్యి అత్తమ్మా. ఒక్కటే ఉన్నది మనకాడ."

"వద్దు బిడ్డా."

"ఎందుకమ్మా?" అని మేడం అడిగింది.

"అది ఆకలికి కొరకదు మేడం, కోపానికి కొరుకుతది. దాన్ని తీస్తే గా పిల్లల్ని మాపటికల్ల మిగతా చేపలు తినేస్తయి. మా బాపు పిల్లల మీదున్నదాన్ని పట్టనియ్యలే."

"మేడం పదకొండుకు పోతది" అన్నాడు భిక్షపతి.

"పోనియ్యి. నీళ్లు ఏడికి పోవు."

ఆమె అవతలి వైపుకు నడిచింది. అక్కడ నీళ్లలో మునిగిన తుమ్మచెట్లు రెండున్నాయి. వాటి నీడ అంచున గాలం వేసింది. మేము దూరంగా కూర్చున్నాం. గాలం దారానికి కట్టిన బెండు నీళ్ల మీద కాసేపు అటూ ఇటూ తిరిగింది. కింద పరక ఈదుతోందన్నమాట. ముప్పావు గంట గడిచింది. మేడం రెండుసార్లు ఫోను తీసి టైము చూసుకుంది.

తర్వాత బెండు పక్కకు జరిగి మునిగింది.

"గుంజు అత్తమ్మా" అంది శ్రీదేవి.

యాదలక్ష్మి గుంజలేదు. కొరమీను ముందు ఎరను పళ్ల మధ్య పట్టుకుని పోతుంది. ఒకచోట ఆగి, ఎర తల ముందుకు వచ్చేలా తిప్పుకుని మింగుతుంది. మళ్లీ కదిలినప్పుడే గుంజాలి. దారం ఆగింది. ఆమె పెదవులు లెక్కపెడుతున్నట్టు కదిలాయి. దారం మళ్లీ సాగగానే గుంజింది.

చేప పైకి లేచింది. మోచెయ్యంత పొడవు, నల్లటి వీపు. అందరం చూశాం. అది తుమ్మ మొదలు వైపు మళ్లింది. అప్పుడు కర్రను తల మీదికి ఎత్తి చేపను పక్కకు తిప్పాలి. ఆమె కుడి చెయ్యి చెవి దాకా వచ్చి ఆగిపోయింది. ఎడమ చేతికి మార్చుకునేలోపు దారం మొదలుకు చుట్టుకుని తెగింది.

ముందుగా నోరు తెరిచింది భిక్షపతే.

"మేడం, అందరం సూసినం గద. రాయుండ్రి."

"చేతికి రావాలండీ" అంది మేడం, నెమ్మదిగానే.

"ఆమె చెప్పింది నిజమే మరిదీ" అంది యాదలక్ష్మి. "పోయినదాన్ని పట్టిన అనొద్దు."

మళ్లీ పరీక్ష ఎప్పుడో ఎవరూ చెప్పలేకపోయారు. అప్పటిదాకా ఆమెకు చెరువులో గాలం వేసే వీలు లేదు.

వారం తర్వాత భిక్షపతి తన పాత విసురువల తెచ్చి ఆమె వాకిట్లో పడేశాడు. "ఎడమ చేత్తోని ఏసేటోళ్లను నేనైతే సూడలే. నువ్వు సూపెడ్తే సూస్త."

విసిరే ముందు వలను చేతి మీద మడిచే తీరు అతను నేర్పబోయాడు గానీ, అతని మడతలన్నీ కుడిచేతివి. ఆమె వాటిని తిరగేసుకోవలసి వచ్చింది. ఎడమ మోచేతికి ఎంత వేలాడాలి, కుడి చెయ్యి నడుము దగ్గర ఏ అంచు పట్టాలి, అంచున కట్టిన సీసపు గుండ్లు ఏ వైపు వదలాలి, అంతా తానే కనుక్కుంది. కోతలయ్యాక ఖాళీ అయిన పొలంలో, పొడి నేల మీద, రోజూ పొద్దున విసిరేది. మొదట్లో వల గడ్డిమోపులా ఒక్కచోటే పడేది. దారిన పోయేవాళ్లు, "ఏం చేపలు వడ్డయి యాదక్కా?" అని అడిగేవాళ్లు. "నీ అసొంటియి రెండు" అనేది. చిక్కుముళ్లు శ్రీదేవి కూర్చుని విప్పేది. సంక్రాంతి దాటి, ఎండలు ముదిరే నాటికి వల నేల మీద విచ్చుకోవడం మొదలుపెట్టింది.

మళ్లీ వానలు పడ్డాక పరీక్ష పెట్టారు. ఈసారి వేరే అధికారి వచ్చాడు. యాదలక్ష్మి మోకాలి లోతు నీళ్లలోకి దిగి, ఒళ్లు మొత్తం తిప్పి ఎడమ చేత్తో విసిరింది. వల గుండ్రంగా పడలేదు, కోడిగుడ్డులా సాగి పడింది. లాగితే మూడు చిన్న రవ్వ చేపలు, ఒక ఎండ్రకాయ వచ్చాయి.

అధికారి ఆమె పేరు రాసుకుని, "బాగా విసిరావమ్మా. ఎన్నేళ్ల అనుభవం?" అన్నాడు.

ఆమె నీళ్లలోంచి బయటికి వచ్చింది. వలను ఒడ్డున పెట్టి, చేతులు చీరకు తుడుచుకుని అడిగింది.

"ఇగ గాలం ఏసుకోవచ్చా సారూ?"